వెండిపూత పోయిన క్లిప్పులు

ఎల్లారెడ్డిలోని ఒక బియ్యం మిల్లుకు నేను విద్యుత్ పర్యవేక్షకుణ్ణి. వృథా కరెంటును తగ్గించే కెపాసిటర్ల పెట్టెలో కొత్త ఫ్యూజులు సైతం వేడెక్కి మాడిపోతుండేవి. కామారెడ్డి నుండి వాటిని కొనితెచ్చినవాణ్ణి నేనే గనుక నింద నాపై పడింది.

"డూప్లికేట్ మాల్ తెచ్చిన్రా సారూ? రేపటికి తేల్చకుంటే వేరేటోన్ని పెట్టుకుంట," అన్నాడు మిల్లు సేటు.

మరునాటి ఉదయం కరెంటు ఆపి, కెపాసిటర్లలో మిగిలిన కరెంటు పూర్తిగా దిగేదాకా వేచి, ఫ్యూజులన్నీ ఊడదీశాను. కింది వరుసలో వాటిని పట్టుకునే క్లిప్పుల వెండిపూత అరిగి, రాగి బయటపడి కమిలింది. నిచ్చెన లేకుండా చేయి అందని పై వరుసలో పూత చెక్కుచెదరలేదు. అక్కడ ఒక్క ఫ్యూజూ మాడలేదు. పూత పోయినచోట కరెంటు సాఫీగా సాగక వేడి పుడుతున్నదని అప్పుడు గ్రహించాను. ఏటేటా దసరా ఆయుధపూజకు చేతికందిన ఆ కింది క్లిప్పులను ఉప్పుకాగితంతో రుద్ది మెరిపించినది నేనే.

"మాల్ అసలుదే సేటూ. నా భక్తి జర ఎక్కువైంది," అన్నాను.

క్లిప్పులు మార్చి, తెచ్చిన ఫ్యూజులనే బిగించాను. సాయంత్రందాకా మిల్లు ఆడింది. కరెంటు ఆపించి సేటు స్వయంగా తాకి చూశాడు.

"సల్లగనే ఉన్నయి. ఈ దసరాకు బొట్టు పెట్టి ఊకోండ్రి సారూ," అన్నాడు.

అంత తలెత్తుకుని నేను ఇల్లు చేరిన సాయంకాలం మరొకటి లేదు.