సగమెత్తు తాతకు మూడు తెల్ల లైట్లు

నిన్న పొద్దున జిమ్‌లో ఉండగా అమ్మ ఫోన్ చేసింది.
“నాయన పోయినాడే” అంది.

బార్‌కి ప్లేట్లు ఎక్కిస్తున్నాను. మళ్ళీ చెప్పమన్నాను. మళ్ళీ అదే చెప్పింది.

అమ్మ వాళ్ళ నాన్న, మా తాత. తొంభై దాటిన మనిషే. అయినా నమ్మబుద్ధి కాలేదు. ఆదివారమే గంటసేపు మాట్లాడాడు.

మా ఉదయగిరి తాతకి అన్నీ ప్రశ్నలే. నేను పవర్‌లిఫ్టింగ్‌లో చేరానని తెలిశాక ఇక అడ్డే లేదు.

బరువు భుజాల మీద పెట్టుకుని కూర్చుని లేచే స్క్వాట్, బల్ల మీద పడుకుని ఎత్తే బెంచ్ ప్రెస్, నేల మీంచి లేపే డెడ్‌లిఫ్ట్. ఒక్కోదానికి మూడు ఛాన్సులు. ఒక్కోదాంట్లో బెస్ట్ తీసి కలిపితే టోటల్. ఓపిగ్గా చెప్పాను.

“పడుకోని ఎత్తేదేంది మే? నిద్ర రాదా?”

పోటీకి ముందు మనుషుల్ని కూడా తూస్తారంటే పడీ పడీ నవ్వాడు. మన బరువు వాళ్ళతోనే మనకి పోటీ అని చెప్పాక, “అదీ న్యాయం” అన్నాడు.

తర్వాత నా డెడ్‌లిఫ్ట్ వీడియో చూపించాను. మూడుసార్లు వేయించుకుని చూశాడు.

“భుజానికి ఎత్తబన్లేదా?”

“అక్కర్లేదు తాతా. నిటారుగా నిలబడితే చాలు. రిఫరీ ‘డౌన్’ అనేదాకా దించకూడదు. ముగ్గురు రిఫరీల్లో ఇద్దరు తెల్ల లైటు వేస్తే ఎత్తినట్టే.”

వీడియో ఇంకోసారి వేయమన్నాడు.

అప్పుడు చెప్పాడు. పందొమ్మిది వందల యాభైల్లో ఆత్మకూరులో గుండు పందెం. గుండ్రటి రాయిని నేల మీంచి లేపి, భుజం మీదుగా వెనక్కి వేయాలి. ఉదయగిరి నుంచి ఈయనొక్కడే వెళ్ళాడు. నడుం దాకా లేపి నిటారుగా నిలబడ్డాడు. అంతకుమించి పైకి రాలేదు.

“చాల్లే, దించరా అని ఎవురన్నా అంటారేమోనని అట్నే నిలబడినాను మే. ఒక్కడూ అన్లా. వేళ్ళు జారినాయి.”

అప్పట్నుంచి ఊళ్ళో ఈయన పేరు ‘సగమెత్తు’. కోపమొస్తే అవ్వ కూడా అలాగే పిలిచేది. నేనూ బోలెడుసార్లు ఆటపట్టించాను. నవ్వేసేవాడు కదా, బాధ ఉందనుకోలేదు. ఇప్పుడు సిగ్గేస్తోంది.

“అయితే నేను ఎత్తినట్టేనా మే?”

“ఎత్తినట్టే తాతా.”

అవ్వ ఫోటో వైపు తిరిగి, “విన్నావా?” అన్నాడు.

ఇక అక్కణ్ణుంచి కొత్త ప్రశ్న పట్టుకున్నాడు. ఆ గుండు బరువెంత? అప్పట్లో ఎవరూ తూయలేదు. రాయి ఇంకా ఆత్మకూరులోనే ఉండాలి, పోయి కాటా వేయిద్దాం అంటాడు. కాంపిటీషన్ అయ్యాక వెళ్దాం అన్నాను. మొన్న ఆదివారం కూడా అదే అడిగాడు. మొన్న కూడా అదే జవాబు చెప్పాను.

వెతుకుతాను తాతా. దొరికితే తూయిస్తాను.

బరువెంతైనా సరే, నా లెక్కలో మూడూ తెల్ల లైట్లే.

డౌన్, తాతా. చాల్లే, ఇక దించెయ్.
హాయిగా పడుకో.