తోక దాటేదాకా

కరీంనగర్‌లో లారీ దిగేసరికి ఉదయం ఆరుంబావు. కార్తీకం చలి. మూడు రోజుల కిందటి అకాల వానకు రేగడి ఇంకా బూట్లకు అంటుకుంటోంది. పోలీసు ఠాణా గోడ పక్కన నేల మీద రెండు శవాలున్నాయి. ఒకడు జవాను, ఇంకొకడెవరో తెలియదు. ఇద్దరికీ కలిపి ఒకటే చాప కప్పారు. చాలక నాలుగు కాళ్లూ బయటికున్నాయి.

"వీళ్లల్ల మనోడెవడు?" అని కాపలా పోలీసును అడిగాను.

"బూట్లున్నోడు" అన్నాడు.

చూస్తే ఎవరికీ బూట్లు లేవు. అప్పటికే ఎవరో విప్పుకుపోయారు.

హైదరాబాదు సంస్థానం దేశంలో కలిసి ఏడాది దాటిన రోజులవి. నేను హవల్దారును. బర్మా యుద్ధంలో మూడేళ్లు మోటారుసైకిల్ మీద ఉత్తర్వులు మోశాను. సొంతూరు జగిత్యాల పక్కనే కనుక ఇక్కడి మాటా, బాటా తెలిసినవాడని నన్ను పంపారు. అడవుల్లో తుపాకులు ఇంకా మిగిలే ఉన్నాయి. అవి ఎవరి మనుషుల చేతుల్లో ఉన్నాయని మీరు అడుగుతారు. అందరూ అడుగుతారు. అన్ని వైపుల ఓడినవాళ్లూ ఉండేవారు, ఏ వైపూ కాని దోపిడిగాళ్లూ ఉండేవారు. తూటా తగిలినవాడికి ఆ తేడా తెలియదు.

మర్నాడు పదింటికి సుబేదారు పిలిచాడు. పంజాబీ మనిషి. బల్ల మీద దేశపటం పరిచాడు.

"తొమ్మిది మోటారుసైకిళ్లు పఠాన్‌కోట చేర్చాలి. రైలు డబ్బాలు దొరకవు. రోడ్డున పోవాలి. ఎన్ని రోజులు?"

నిర్మల్, ఆదిలాబాద్, నాగపూర్, ఝాన్సీ, ఢిల్లీ. వేలితో కొలిచాను. పన్నెండు వందల మైళ్ల పైచిలుకు.

"పదకొండు రోజులు సాబ్."

"పద్నాలుగు తీసుకో."

"పదకొండు చాలు."

ఎవరూ తగ్గించమనలేదు. అది నా గీర.

సిద్ధం కావడానికి పన్నెండు రోజులు పట్టింది. బళ్లన్నీ యుద్ధం మిగిల్చినవి. బండికి రెండు ట్యూబులు, ఒక గొలుసు ముక్క, నాలుగు ప్లగ్గులు, ఒక నీళ్ల సంచి. మనిషికి ఒక కంబళి, వీపున రైఫిలు, యాభై తూటాలు. బండికీ బండికీ మధ్య వంద గజాలు, దుమ్ము ఉంటే నూటయాభై. పెట్రోలు పీపాలు ముందుగా లారీలో పోవాలి. మొదటి లారీని మెట్‌పల్లి అవతల ఆపి కాల్చేశారు. డ్రైవరును దిగనివ్వలేదు. నేను వెళ్లేసరికి స్టీరింగు చక్రానికి అతని చేతులు అతుక్కుని ఉన్నాయి. విడదీయడం మా వల్ల కాక చక్రంతో సహా పాతిపెట్టాం. రెండో లారీని కాపలాతో పంపాను.

ఇప్పుడు మా కరీంనగర్ కుర్రాళ్లు బళ్ల మీద ఢిల్లీ పోతామని, దారి గీసిమ్మని నా ఇంటికి వస్తుంటారు. పెట్రోలు గురించి అడుగుతారు, పంచర్ల గురించి అడుగుతారు. గుంపుగా పోయేటప్పుడు అసలు చిక్కు అది కాదు. దారి చీలిన చోట వెనకవాడు తప్పిపోవడం. దానికి మా దగ్గర ఒక పద్ధతి ఉండేది. అందరికన్నా ముందు నేను. నా వెనక రెండో బండివాడు. దారి చీలిన ప్రతిచోటా వాడు దిగి, వచ్చేవాళ్లకు ఎదురుగా నిలబడి, పోవలసిన వైపు చేయి చాపుతాడు. చివరి బండి దాటి, దాని మనిషి తల ఊపేదాకా అక్కణ్ణుంచి కదలకూడదు. ఆ తర్వాత అందరినీ దాటుకుంటూ మళ్లీ నా వెనక్కి రావాలి. వాణ్ణి మూలకాపు అనేవాళ్లం. చివరి బండిని తోక అనేవాళ్లం. దాని హ్యాండిలుకు ఎర్ర గుడ్డ కట్టి ఉండేది. తోక మా మెకానిక్కు మేస్త్రి. అరవ మనిషి, మాట తక్కువ. ఎవరి బండి చెడినా వెనక నుంచి వచ్చి బాగుచేస్తాడని అతణ్ణి చివర పెట్టాను.

మూలకాపు నస్పూర్ వాడు. ఫౌజుకు రాకముందు బొగ్గు బాయిలో, అంటే గనిలో, బొగ్గు తొట్లు కదిలేముందు గంట కొట్టే పని. మానేరు ఇసుకలో పన్నెండు రోజులూ మావాళ్లందరిచేత ఇదే చేయించాను. ఒకరోజు మేస్త్రి బండి మొరాయించి నలభై నిమిషాలు ఆలస్యమైంది. ఎండలో చేయి చాపి మూలకాపు అలాగే నిలబడ్డాడు.

"జరసేపు చెయ్యి దించుకోవచ్చు గదరా!" అన్నాను.

"బాయిల ఒగడు గంట ఇనకముందె తొట్టె కదిలిచ్చిండు సాబ్. కింద మా అన్న ఉండె" అన్నాడు. "గప్పటి సంది గంట ఇనకుండ నేను కదల."

నాకు ముచ్చటేసింది. మనిషంటే ఇలా ఉండాలని మిగతావాళ్ల ముందు మెచ్చుకున్నాను కూడా.

ఇంకో పని కూడా చేశాను. పీపాల దగ్గర ఊరి కాపలాదారులు మీరెప్పుడొస్తరు, ఎంతమందొస్తరు అని ఒకటే పోరు. ఇంగ్లీషులో రాస్తే వాళ్లకు తెలియదు. అందుకని పీపా పీపాకూ సుద్దముక్కతో తెలుగులో రాయించాను. నిర్మల్ పీపా మీద నేనే స్వయంగా రాశాను: రాక 11.30, పోక 12.20, బళ్లు ౯. తొమ్మిదిని తెలుగు అంకెలో రాయడం బడి నాటి అలవాటు. తోక కిందికి సాగదీసి, కొసన ఒక చుక్క పెట్టేవాణ్ణి. ఫౌజులో ఏ హవల్దారూ చేయని పని. మన భాష వచ్చిన మొనగాణ్ణి కదా, చేశాను.

బయలుదేరింది ఉదయం ఆరింటికి. జగిత్యాల ఏడున్నర. ఆర్మూరు పది. సోన్ వంతెన మీద గోదారి దాటేసరికి పదీ యాభై. నిర్మల్ పదకొండూ ముప్పైకి, నిమిషం తేడా లేదు. పత్తి బళ్లు వరసగా ఆదిలాబాద్ జిన్నింగు మిల్లులకు పోతున్నాయి. రొట్టె తిని పెట్రోలు పోసుకున్నాం. నిర్మల్ ఠాణాలో వైర్‌లెస్ మనిషి చెవుల మీది తొడుగులు తీసి నా దగ్గరికొచ్చాడు.

"హవల్దార్ సాబ్, ఘాటు రోడ్డు మీద నిన్నటి సంది అలికిడున్నదట. కట్టెలకు పోయినోళ్లు ఎనక్కి మర్లొచ్చిన్రు. ఆదిలాబాద్‌కెల్లి మిషన్‌గన్ జీపు రమ్మంటనా?"

"ఎంతసేపు?"

"నాలుగు గంటలు."

"వద్దు. మోటారుసైకిల్ వెనక జీపెందుకు? పన్నెండు ఇరవైకి కదుల్తం."

"జర సోంచాయించున్రి సాబ్."

సోంచాయించలేదు, ఆలోచించనే లేదు. పన్నెండు ఇరవైకే కదిలాం.

ఘాటు ఎక్కి దిగాక టేకు అడవి మొదలవుతుంది. ఆకు రాలుతున్న కాలం. ఒంటిగంటా ఇరవై అయిదుకు దారి చీలింది. ఎడమది ఆదిలాబాద్ రోడ్డు. కుడివైపుది కలప డిపోకు పోయే బాట, వెడల్పులో రోడ్డుకు తీసిపోదు. మూలకాపు బండి స్టాండు వేసి, దక్షిణానికి ముఖం పెట్టి, కుడిచేయి చాపాడు. నేను ముందుకు పోయాను. రెండు మైళ్ల అవతల మైలురాయి దగ్గర ఆగి బళ్లు లెక్కపెట్టాలన్నది ఏర్పాటు.

ఒకటి, రెండు, మూడు, నాలుగు వచ్చాయి. అప్పుడు వినబడింది. మొదట ఒకటి, తర్వాత గుప్పెడు పేలాలు పేలినట్టు వరసగా.

వెనక జరిగింది తర్వాత తెలిసింది. ఘాటు మలుపుల్లో చివరి మూడు బళ్లూ మైళ్ల దూరం వెనకబడ్డాయి. చీలికకు మైలున్నర ఇవతల ఒక మోరీ, రోడ్డు కింద నీళ్లు పోయే తూము. అక్కడ ముఠా పొంచి ఉంది. మొదటి ఏడు బళ్లనూ పోనిచ్చారు. ఎనిమిదో బండికి ఇనుప తీగ లేపారు. తీగ అతని చెంప చీల్చి, పళ్లు రాల్చి, మనిషిని వెనక్కి విసిరేసింది. వెనకున్న మేస్త్రి ఆ బండికి గుద్దుకుని పడ్డాడు. లేవబోతుంటే దగ్గరికొచ్చి కాల్చారు. ఏడోవాడు వెనక్కి తిరిగి వచ్చి, కాలుస్తూనే ఎనిమిదోవాణ్ణి తన బండి మీదికి లాక్కుని తప్పించుకున్నాడు. ముఠాలో సగం మంది గుట్ట మీది అడ్డదారిన చీలిక దగ్గరికి ఉరికారు.

ఒకే బండి మీద ఆ ఇద్దరూ మా దగ్గరికి చేరేసరికి ఒకటీ యాభై. ఎనిమిదోవాడి రక్తం ఏడోవాడి వీపంతా కారింది.

"మేస్త్రి పడ్డడు" అన్నాడు ఏడోవాడు.

"మూలకాపు?"

"నిలబడే ఉన్నడు. రా రా అని ఒర్లినం, రాలే. మాకు ఈపు పెట్టి నిలబడ్డడు సాబ్."

ఎదురుగా నిలబడాల్సినవాడు వీపెందుకు పెట్టాడో నాకప్పుడు అర్థం కాలేదు. గాయపడ్డవాడి దగ్గర ఒకణ్ణి ఉంచి, నలుగుర్ని తీసుకుని వెనక్కి తిప్పాను.

చీలిక కనబడగానే అర్థమైంది. మూలకాపు కుడి భుజం పగిలిపోయింది. చేయి తోలుకు వేలాడుతోంది. ఆ చేయి పనికిరాదు గనుక వాడు మనిషే వెనక్కి తిరిగి, ఎడమచేయి చాపాడు. ఎదురుగానే ఉండి ఎడమచేయి చాపితే డిపో బాట చూపినట్టవుతుంది గనుక తుపాకులకు వీపిచ్చాడు. వీపులో ఇంకో రెండు తూటాలు. బండి సీటుకు నడుము ఆనించి నిలబడ్డాడు. ఎడమచేయి ఆదిలాబాద్ రోడ్డు వైపు, అంటే నా వైపే ఉంది.

గుట్ట మీంచి కాలుస్తున్నారు. మేం బోర్లా పడి కాల్చాం. పది నిమిషాలు. నా తూటాకు ఒకడు రాళ్ల మీంచి దొర్లి రోడ్డు మీద పడ్డాడు. ఇంకా కదులుతుంటే మళ్లీ కాల్చాను. మిగతావాళ్లు అడవిలోకి పోయారు. ఇద్దర్ని మోరీ దాకా పంపి, నేను మూలకాపు దగ్గరికి పరుగెత్తాను.

"దించరా చెయ్యి. అయిపోయింది" అన్నాను.

"తోక రాలే సాబ్."

"నేను చెప్తున్న. హుకుం. దించు."

"తోక రాలే."

పట్టుకుని దించబోయాను. బిగుసుకుని ఉంది. కింద కూర్చోబెట్టబోతే నోట్లోంచి రక్తం వచ్చింది. నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. ఎవరి మీద కోపమో అప్పుడే తెలుసు. నలభై నిమిషాలు నిలబెట్టి శభాష్ అన్నది నేనే.

మోరీ దగ్గరికి పోయినవాళ్లు తిరిగొచ్చారు. తల అడ్డంగా ఊపారు. మేస్త్రి బండికున్న ఎర్ర గుడ్డ తెచ్చారు, సగం తడిసి ఉంది. దాన్ని నా హ్యాండిలుకు కట్టాను. బండిని దక్షిణంగా రెండు వందల గజాలు తీసుకుపోయి తిప్పాను. మెల్లగా వచ్చాను. వాడి పక్కగా పోతూ ముఖం తిప్పి, బాగా కనబడేలా తల ఊపాను.

చేయి దిగింది.

బండి పడేసి పరుగున వచ్చాను. సీటు మీంచి జారుతుంటే పట్టుకున్నాను. పెదవులు కదిలాయి. అంతవరకూ నన్ను సాబ్ అని తప్ప ఇంకోలా పిలవని మనిషి.

"మేస్త్రి బండి సప్పుడు గిది కాదన్నా" అన్నాడు.

అప్పుడు రెండూ ఇరవై.

రోడ్డు మీద పడ్డవాడి జేబులు వెతికాం. ఒక కాగితం ముక్క దొరికింది. రాక 11.30, పోక 12.20. కింద తొమ్మిది, నా చేతిరాతలో లాగే తోక సాగదీసి ఉంది. చూసి రాసుకున్నవాడు ఆ చుక్కతో సహా దించాడు. ఆ కాగితం సుబేదారుకు పంపాను, నా తప్పని రాసి మరీ పంపాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. శిక్ష పడుతుందని ఎదురుచూశాను. ఏ జవాబూ రాలేదు.

పఠాన్‌కోటకు అన్నట్టే పదకొండో రోజు చేరాం. ఆరు బళ్లు. అక్కడి అధికారి గడియారం చూసుకుని, "సమయానికి వచ్చారు, శభాష్" అన్నాడు.

రెండేళ్లకు ఫౌజు వదిలి ఇల్లు చేరాను. నేరుగా మా ఊరికి పోలేదు. ముందు నస్పూర్ పోయాను. వాణ్ణి కన్న అవ్వ బొగ్గు ఏరుకుని అప్పుడే ఇంటికొచ్చింది. పీపా మీద రాసిన సంగతి, జీపు వద్దన్న సంగతి, అంతా చెప్పాను. తిడుతుందని, మన్ను ఎత్తి పోస్తుందని కూర్చున్నాను. ఆమె బొగ్గు గంప దించి, చేతులు కొంగుకు తుడుచుకుంది.

"గంట ఇన్నడా నా కొడుకు?" అంది చివరికి.

"ఇన్నడవ్వా" అన్నాను.

లోపలికి పోయి నాకు మంచినీళ్లు తెచ్చింది.

కుర్రాళ్లకు ఢిల్లీ దారి గీసిచ్చాను. వేళలు ఎక్కడా రాయలేదు, రాయొద్దన్నాను. మూల దగ్గర నిలబడేవాడి పద్ధతి కూడా మార్చాను. పది నిమిషాలు చూడండి, ఎవరూ రాకపోతే కదలండి అని. ఒకడు నవ్వి, మరి వెనకవాడి గతేమిటి తాతా అన్నాడు. కాగితం మడిచి వాడి చేతిలో పెట్టాను.

కరీంనగర్ చౌరస్తాలో ఇప్పుడు ట్రాఫిక్ పోలీసు నిలబడుతున్నాడు. చేయి చాపి, ఒక్కోసారి నాకు వీపు పెట్టి. నేను సైకిల్ మీద అతని పక్కగా పోతూ ముఖం తిప్పి తల ఊపుతాను. సలాం అనుకుని అతనూ ఊపుతాడు. నేను మాత్రం ఆ చేయి దిగేదాకా అవతలి పక్కన ఆగి చూస్తుంటాను.