ఉప్పువంకకు అడ్డంగా మందిరం

చిన్నవంకపల్లికి వెళ్లి కదిరమ్మ ఇల్లెక్కడ అని అడిగితే ఏ కదిరమ్మ అని ఎదురడుగుతారు. ఊళ్లో ఆ పేరున్నవాళ్లు ఐదుగురున్నారు మరి. వాన కదిరమ్మ అంటే మాత్రం నల్లమాడ బస్టాండులో టీ కాచేవాడు కూడా దారి చెబుతాడు. ఆ పేరు ఎగతాళికి పెట్టిందే. ఇరవై రెండేళ్లపాటు ప్రతి ఆదివారం మందిరంలో నిలబడి వాన కోసం ప్రార్థన చేసిన మనిషికి, విత్తనం తడిసేంత చినుకు రాల్చి వాన ముఖం చాటేసే ఆ ఊళ్లో, ఇంకే పేరు పెడతారు?

ఇప్పుడామెకు అరవై రెండేళ్లు. బతుకంతా కూలిపనే. శెనక్కాయ చేలల్లో కలుపు తీసింది, కాయ పెరికింది, ఉపాధి పనుల్లో మట్టి మోసింది. ఎవరి దగ్గరా మాట పడదు, ఎవరికీ మాట బాకీ ఉండదు. బాప్తిస్మం తీసుకున్న రోజున పాస్టరు మరియమ్మ అని పేరు మారుస్తానంటే ససేమిరా అంది. "ఇన్నేండ్లూ నేను కదిరమ్మను ప్రభువా అని చెప్పే మొరపెట్టుకున్నా అయ్యగారూ. ఇప్పుడు మరియమ్మ అంటే నేనెవరో ఆయనకు యాడ తెలుస్తాది?" అంది. పాస్టరు అదే పేరుతో నీళ్లలో ముంచి లేపాడు.

ఆమె భర్త ఎర్రప్ప బండలు కొట్టేవాడు. అతని జోడీ కుళ్లాయప్ప. కదిరి నరసింహస్వామి పేరున్న ఆమె, గూగూడు పీర్లచావిడి కుళ్లాయిస్వామి పేరున్న ఈయన, ఎర్రప్ప, ముగ్గురూ కలిసి యేసుప్రభువుకు మందిరం కట్టారంటే మా సీమ సంగతి మీకు అర్థమయ్యే ఉంటుంది. పగలంతా కూలికి రాళ్లు కొట్టి, పొద్దు వాలాక మందిరానికి కొట్టేవారు. ఊరి చుట్టూ అంతా గట్టినేల, గడ్డపార దిగదు. సాపుగా, మెత్తగా, ఎవరి పట్టాలోనూ లేకుండా దొరికిన జాగా ఒక్కటే ఉంది, ఎండిపోయిన వాగు, ఉప్పువంక. వాళ్లుండే కాలనీ పక్కనే, ఇసుక కూడా అక్కడే.

వంకలో మందిరమేంటి అని మీరడగవచ్చు. ఊళ్లో ఒక్కరూ అడగలేదు. ఆ వంక పారగా కదిరమ్మ చూసింది ఒకే ఒక్కసారి, కాపురానికి వచ్చిన ఏడాది. ఆ తర్వాత దాన్ని అందరూ దారి కింద, కళ్లం కింద వాడుకున్నారు. చెరువు కింద పొలాలున్న బయ్యన్న మాత్రం ఒకసారి నోరు విప్పాడు.

"ఆడ వద్దప్పా ఎర్రప్పా, అది వంక."

"నీళ్లొచ్చే వంకైతే నేను నీ ఇంటికి కూలికెందుకు వస్తానన్నా?" అన్నాడు ఎర్రప్ప. బయ్యన్న కూడా నవ్వేశాడు. నవ్వకేం చేస్తాడు, ఆయన శెనక్కాయ కట్టె వామి వేసుకున్నదీ ఆ వంకలోనే.

అలా ఉప్పువంకకు అడ్డంగా మందిరం లేచింది. వెనక గోడ ఎగువకు, తలుపు దిగువన చెరువు వైపుకు. మేకలు లోపలికి రాకుండా తర్వాత అటూ ఇటూ గట్టుదాకా ప్రహరీ కూడా కట్టారు. వెనక గోడకు కాలనీ వైపు మూలన ఎర్రప్ప ఒక పెద్ద రాయి నిలబెట్టి, దాని మీద బెత్తెడు సిలువ చెక్కాడు. "ఈ మూలరాయి ఉన్నన్ని దినాలు గోడకు ఢోకా లేదు," అని భార్యకు చూపించి మురిసిపోయాడు. మూడేళ్లకు రాతిదుమ్ము అతని ఊపిరితిత్తులను తినేసింది. మందిరం తాళంచెవి, ఊడ్చే పని, వాన ప్రార్థన కదిరమ్మకు మిగిలాయి. ఒంటరిగా ఉన్నప్పుడు ఆ మూలరాయికి వీపు ఆనించి కూర్చునేది. ఎర్రప్పకు ఫోటో కూడా లేదు, ఆమెకు ఉన్నదల్లా ఆ రాయే.

అడిగేదేమో వాన, కూర్చున్నదేమో వంకలో. ఈ రెండింటికీ పొత్తు కుదరదని ఇరవై రెండేళ్లలో ఏ ఒక్కరికీ తోచలేదు. దేవుడికి తోచి ఉంటుంది, ఆయన చెప్పలేదు.

మొన్నామధ్య కార్తీకంలో శుక్రవారం మొదలైన వాన శనివారమంతా ఆగలేదు. ఆదివారం పొద్దున పాస్టరు జయచంద్ర నల్లమాడ నుంచి ఫోన్ చేశాడు.

"రోడ్డు తెగింది కదిరమ్మక్కా, బండి రాదు. కూటం మీరే జరిపించండి."

యూరియా సంచులు నెత్తిన కప్పుకుని ముప్పై మంది దాకా వచ్చారు. అందరి ముఖాల్లో పండగే. కుళ్లాయప్ప తల తుడుచుకుంటూ, "వదినా, ఈ పొద్దు వాన ప్రార్థన వద్దులే. ఆయన నిజంగానే వింటాండాడు," అన్నాడు. జనం ఘొల్లుమన్నారు. కదిరమ్మ కూడా నవ్వి, "ఇచ్చేటప్పుడు చేయి అడ్డం పెడతారా ఎవరన్నా?" అని కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టింది.

సగంలో ఉండగా ఎగువన లారీలు వరసగా వస్తున్నట్టు చప్పుడైంది. లారీలు కావు. కిటికీలోంచి చూసిన మనిషి వంక, వంక అని అరిచాడు. నలభై ఐదేళ్ల తర్వాత ఉప్పువంక పారుతోంది. ఎర్రటి నీళ్లు, వాటి మీద కంపచెట్లు, ఎవరిదో మంచం, బయ్యన్న వామిలో సగం. బైబిలు, తబలా పట్టుకుని అందరూ గట్టు మీదికి ఉరికారు.

నీళ్లు వచ్చి వెనక గోడను గుద్దుకున్నాయి. గోడ కదల్లేదు. "చూసినారా మా ఎర్రప్పన్న గోడ!" అని కుళ్లాయప్ప తడిసిన మీసం దువ్వాడు. ఆ సంబరం ఎంతోసేపు నిలవలేదు. గోడకూ ప్రహరీకీ అడ్డుపడి నిలిచిన నీళ్లు చూస్తుండగానే ఎత్తు పెరిగి, పక్కకు మళ్లి, తక్కువలో ఉన్న కాలనీలోకి దారి తీశాయి.

కాలనీలో ఇరవై రెండిళ్లు. సగానికి సగం మట్టిగోడలు. మొదటి ఇల్లు కృపాకుమారిది, పన్నెండు రోజుల బాలింత. బిడ్డను ఎత్తుకుని మంచమెక్కి నిలబడి ఉంది. ఇద్దరు మగవాళ్లు మొలలోతు నీళ్లలో వెళ్లి తల్లీబిడ్డలను మోసుకొచ్చారు. గట్టెక్కగానే ఆమె కదిరమ్మ చేయి పట్టుకుంది.

"పెద్దమ్మా, మా అవ్వ లోపలే ఉండాది. గోడ నానుతాంది."

అలాంటి అవ్వలు, తాతలు ఇంకా ఎనిమిది మంది ఉన్నారు లోపల. ఒక్కొక్కరినీ మోసుకురావాలి, నీళ్లేమో ఆగడం లేదు.

అప్పటికి బయ్యన్న ఇద్దరు జీతగాళ్లతో, గడ్డపారలతో గట్టు వెంబడి వచ్చాడు. మందిరాన్ని, కాలనీని మార్చి మార్చి చూశాడు.

"కదిరమ్మా, ఆ గోడ తీస్తేనే నీళ్లు దోవ పడతాయి. నేను చెప్తాండా గానీ చేయి వెయ్యను. మీ దేవుని గుడి. రేపు నా మీద కేసయితాది."

ఆయన మాటలో తప్పేం లేదు. బయటివాడు ఒక్క రాయి కదిపినా ఊరు రెండుగా చీలుతుంది. తీస్తే లోపలివాళ్లే తీయాలి.

కుళ్లాయప్ప గట్టు దిగి, గోడకు నీళ్లు రాని దిగువ పక్కన మూలరాయికి అడ్డంగా నిలబడ్డాడు. "ఈ గోడ మీద పడే మొదటి దెబ్బ నా మీద పడల్ల. ప్రార్థన చేద్దాం. ఇచ్చిన దేవుడు ఆపలేడా?"

అందరూ కదిరమ్మ వైపు తిరిగారు. వాన గురించి దేవుడితో మాట్లాడేది ఎప్పుడూ ఆమే కదా. ఆమె బురదలోనే మోకాళ్లూనింది. ప్రభువా, ఈ వాన ఆపు అనాలి. ఏ ముఖంతో అడుగుతుంది? వెయ్యికి పైగా ఆదివారాలు ఇయ్యి ఇయ్యి అని వెంటపడి, వచ్చిన గంటకే తీసుకుపొమ్మంటుందా? కోపం కూడా వచ్చింది ఆమెకు. ఇన్నేళ్లు ఊరుకుని ఈ రోజే రావాలా, అదీ ఎర్రప్ప గోడ మీదికే రావాలా? చినుకులు అడిగితే చినుకులే వస్తాయనుకుంది. ఆయన వంక నిండా వస్తాడనుకోలేదు.

లేచి నిలబడింది. కళ్ల వెంట నీళ్లో వాన నీళ్లో తెలియడం లేదు.

"ఇరవై రెండేండ్లు అడిగినాం, ఇచ్చినాడు. ఇచ్చినదానికి అడ్డం కూర్చున్నది మనమే. ఆయన్నెందుకు ఆపమంటారు? లేసి పోవల్సింది మనం."

"వదినా, అది అన్న గోడ," అన్నాడు కుళ్లాయప్ప.

"నాకు తెలీదా కుళ్లాయప్పా, అది ఎవరి గోడో?"

ఇంకొక్క మాట మాట్లాడకుండా కాలనీలోకి దిగింది. ఆమె ఇల్లు ఆరోది. మోకాళ్లు దాటిన నీళ్లలో వెళ్లి మంచం కిందినుంచి ఎర్రప్ప సమ్మెట తీసుకుంది. పంతొమ్మిదేళ్లుగా దాన్ని ఎవరూ ఎత్తలేదు. ఏటా ఈస్టరుకు నూనె మాత్రం రాసేది. తిరిగి గట్టెక్కి, గోడ దిగువ పక్కకు దిగి, కుళ్లాయప్పను భుజం పట్టి పక్కకు జరిపి, సిలువ గుర్తున్న మూలరాయి మీద మొదటి దెబ్బ తానే వేసింది.

రాయి ఉలకలేదు. రెండోసారి కొట్టింది. మూడోసారికి సమ్మెట చేతుల్లోంచి జారింది. ఎర్రప్ప పని అంత గట్టిగా ఉంది, ఆ క్షణంలో కూడా ఆమెకు అది గర్వంగానే అనిపించింది.

కుళ్లాయప్ప చూడలేకపోయాడు. ఏడుస్తూనే బయ్యన్న జీతగాడి చేతిలోని గడ్డపార లాక్కున్నాడు.

"అట్ల కొడితే తెల్లారిందాకా రాదు వదినా. కింద సందులో చిన్న రాయి ఉండాది. అది దిగ్గొట్టింది నేనే. ముందు అది పీకల్ల. మీరంతా ఎనక్కు పోండి, బిన్నా."

మోచేతి దాకా బురద తోడి, సందు వెతికి, గడ్డపార మొన పెట్టి ఒక్క ఊపు ఊపాడు. చిన్న రాయి ఊడింది. మూలరాయి కొంచెం ఒరిగింది. దాని వెనక సన్నగా చిమ్మిన నీళ్లు చూసి, ఆమె సమ్మెట అందుకోగానే, ఇద్దరూ ఒకరినొకరు లాక్కుంటూ గట్టెక్కారు. అంతే. గోడ మధ్యకు విరిగింది. నీళ్లు లోపలికి దూకి తలుపును తన్నుకుని బయటికి వచ్చాయి. పైరేకులు లేచాయి. ఇనుప సిలువ ఒకసారి నిలువుగా తేలి మునిగిపోయింది. కట్టడానికి రెండేళ్లు పట్టిన మందిరం, బీడీ ఒకటి కాల్చేంత సేపట్లో లేదు.

కదిరమ్మ సమ్మెట ఒళ్లో పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది, ఎవరికీ దాచుకోలేదు. బయ్యన్న తన గొడుగు తెచ్చి ఆమె మీద పట్టి, అలాగే నిలబడిపోయాడు. అంతలో కృపాకుమారి గొంతు వినిపించింది.

"పెద్దమ్మా, మా గడప కనపడతాంది."

కాలనీలో నీళ్లు జానెడు జానెడు చొప్పున దిగాయి. రెండిళ్ల గోడలు కూలాయి. మనుషులకు మాత్రం గీత కూడా పడలేదు. కృపాకుమారి అవ్వను తెచ్చి గట్టు మీద దింపితే, ఆమె మొదట అడిగింది తన వక్కాకు సంచి ఎక్కడని.

దారి దొరికిన ఉప్పువంక నేరుగా చెరువులో పడింది. మంగళవారానికి చెరువు నిండింది, బుధవారం అలుగు పొంగి మరవ పారింది. చుట్టుపక్కల పల్లెలన్నీ ట్రాక్టర్లేసుకుని చూడ్డానికొచ్చాయి. ముసలివాళ్లు మరవ నీళ్లు దోసిట పట్టి నెత్తిన చల్లుకున్నారు. ఎండిపోయిన బోర్లలో నీళ్లు పైకొచ్చాయి. బయ్యన్న గంగకు టెంకాయ కొట్టి, మొదటి చిప్ప కదిరమ్మ ఇంటికి పంపాడు. ఆమె మొక్కదు గానీ, కొబ్బరి చట్నీ చేసుకుని తింది.

తర్వాతి ఆదివారం కూటం చెరువుకట్ట మీద, మరవ పక్కన పెట్టుకున్నారు. గంటగా కొట్టే రైలు పట్టా ముక్క ఇసుకలో దొరికితే కుళ్లాయప్ప తుమ్మచెట్టుకు వేలాడదీసి ఊరంతా వినేలా మోగించాడు. మందిరంలో ముప్పై మంది కూర్చునేవాళ్లు. కట్ట మీద లెక్కే లేదు. నీళ్లు చూడ్డానికొచ్చినవాళ్లు, ప్రార్థనకొచ్చినవాళ్లు కలిసిపోయి కూర్చున్నారు. మూలరాయి కూడా దొరికింది, మందిరం ఉన్నచోటికి పది బారల దిగువన, సిలువ గుర్తు పైకి ఉండి. ఈసారి గుట్ట కింద గట్టినేలలోనే పునాది తీయాలని కుళ్లాయప్ప అప్పుడే ముగ్గు పోసి వచ్చాడు. గడ్డపార దిగదని ఎవరో అంటే, "దిగకపోతే దిగేదాకా కొడతా," అన్నాడు అరవై ఐదేళ్లాయన.

పాటలయ్యాయి. ఈ వారం వాన ప్రార్థన అవసరం లేదనుకున్నాడో ఏమో, పాస్టరు జయచంద్ర నేరుగా వాక్యం తెరవబోయాడు. కదిరమ్మ లేచి కొంగు తలమీద వేసుకుంది.

"అయ్యగారూ, నా ప్రార్థన మిగిలింది."

"ఇంకా ఏం అడుగుతావక్కా?" అన్నాడాయన, మరవ వైపు చూసి నవ్వుతూ.

ఆమె కళ్లు మూసుకుంది. మరవ హోరులో కూడా చివరి వరుస దాకా వినిపించేలా, అడుక్కునే గొంతుతో కాదు, ఇంటిమనిషితో మాట్లాడే గొంతుతో అడిగింది.

"మళ్లీ వాన ఇయ్యి ప్రభువా. వచ్చే ఏడూ ఇయ్యి. ఈ తూరి మేం అడ్డం ఉండం."

ఆమెన్ అని అందరికంటే గట్టిగా అన్నది, కట్ట చివర గొడుగు పట్టుకుని నిలబడిన బయ్యన్న.