ఒక్క అంకె మార్చినందుకు

పన్నెండేళ్లుగా ఇది నాకు అరగలేదు. పొద్దున బేరంలో ఆడిన అబద్ధాన్ని సాయంత్రానికి మరిచిపోయే మనిషిని నేను. ఇదొక్కటే పోలేదు. మీరు నన్ను ఎరగరు కాబట్టి చెబుతున్నాను.

రేణిగుంటలో నాకు పుస్తకాల కొట్టు ఉండేది. అప్పట్లో సుడోకు పిచ్చి. పుట్టింది అమెరికాలోనట, పేరు జపాన్ వాళ్లదట. నాకు అవన్నీ ఎందుకు? తొమ్మిది అడ్డ వరుసలు, తొమ్మిది నిలువు వరుసలు, ఏ వరుసలోనూ ఒక అంకె రెండుసార్లు రాకూడదు. భాష అక్కర్లేని సరుకు. సత్యవేడు తెలుగాయనా కొంటాడు, తడ దగ్గర సరిహద్దు దాటిన తమిళాయనా కొంటాడు. నేనే ఒక చిన్న పుస్తకం అచ్చు వేయించాను. సుడోకులు మాత్రం వేరేవాళ్ల పుస్తకాల్లోంచి ఎత్తినవి.

దొంగతనం కనబడకూడదు కదా. చిత్తూరులో మా నాయనది చీరల కొట్టు. ఎవరి డిజైనైనా కాపీ కొట్టించేటప్పుడు, "ఒక పువ్వు మారిస్తే మనదే అయిపోతాది" అనేవాడు. నేను ప్రతి సుడోకులో ముందుగా ఇచ్చిన అంకెల్లో ఒకటి మార్చాను. పువ్వు మారినా చీర కట్టుకోవచ్చు. అంకె మారితే సుడోకు ఎప్పటికీ తెగదు. ఆ సంగతి నాకు తెలియదనే ఇన్నాళ్లూ చెప్పుకున్నాను. నిజంగా తెలియదా? అచ్చయిన వారానికే ఒకదానితో కుస్తీ పట్టాను. తెగలేదు. అమ్మకం ఆపొచ్చు. ఆపలేదు. జవాబులు వేస్తే కాగితం దండగని అవి అచ్చులోనే మానేశాను.

రోజూ కొట్టుకు వచ్చే ఒక రిటైర్డ్ స్టేషన్ మాస్టరు ఉండేవాడు. ఆయన అన్నయ్య మతిమరుపు జబ్బుతో, సొంత ఇల్లు కూడా ఆనవాలు పట్టలేని స్థితిలో పోయాడు. తనకూ వస్తుందని ఈయన భయం. రోజుకొక సుడోకు పూర్తయితే ఆ రోజుకు బుర్ర బాగున్నట్టేనని ధైర్యం. ఒకరోజు నా పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టాడు. చెరిపి చెరిపి కాగితం చిల్లులు పడింది.

"ఐదు దినాలు కూర్చున్నా. ఒక్కటీ రాలేదప్పా. తప్పు యాడుండాదో సూడు. పుస్తకంలోనా, నాలోనా?"

"పుస్తకంలో ఏముంటాది సార్. అందరూ చేసినారు."

"అందరూనా?"

"నిన్న ఒక కాలేజీ పాప అరగంటలో చేసేసింది."

ఆయన నవ్వాడు. "అయితే మా అన్న నాకూ తువ్వాలేసి సీటు పట్టినాడబ్బా."

ఆ పాప ఎవరూ లేదు. 'నిన్ననే ఒకామె రెండు పట్టుకెళ్లింది' అని మా నాయన కొట్టులో చీరలమ్మిన నోటికి అలాంటి మాటలు వాటంతటవే వస్తాయి.

ఆయన మళ్లీ రాలేదు. ఆయన కోడలు ఒకసారి పత్రిక కోసం వచ్చి చెప్పింది. స్కూటరు తాళం కొడుక్కి ఇచ్చేశాడట. దారి తప్పుతానని వీధిలోకే రావడం లేదట. ఏ జబ్బూ లేదని డాక్టరు చెప్పినా నమ్మలేదట. ఆ ఇల్లు నా కొట్టుకు నాలుగు వీధుల అవతల. ఒక్క మాట చాలు. ఎందుకు వెళ్లలేదు? మిగిలిన పుస్తకాలు అమ్ముడుపోవనా? అవి ఎలాగూ పోలేదు. దొంగనని తెలుస్తుందనా? లేక, కొట్టులో పెరిగినవాడికి తన సరుకులో లోపముందని ఒప్పుకోవడం చేతకాదనా? మూడేళ్లు ఇంట్లోనే కూర్చుని ఆయన గుండెపోటుతో పోయాడు. చివరి రోజుదాకా అందరి పేర్లూ గుర్తున్నాయట.

తప్పు పుస్తకంలోనే ఉంది. పెట్టింది నేను. ఆయన అడిగినప్పుడు నాకు తెలుసు. ఈ నాలుగు మాటలు రాయడానికి ఇంతకాలం పట్టింది. ఛాతీ మీద బరువు కాస్త జరిగినట్టుంది, అంతే.