నాయన గొంతుకు కుదిరిన వాల్వు

మొన్న అనంతపురంలో మేనల్లుడి ఇంటికి పోతే, పాటలు రికార్డు చేసుకోవడానికి తెప్పించిన మైకు పెట్టెను మురిపెంగా చూపించాడు. లోపల, పాత రేడియోల్లో ఉండేలాంటి చిన్న గాజు వాల్వు ఎర్రగా వెలుగుతోంది. వాల్వులోంచి వస్తే గొంతు వెచ్చగా ఉంటుందట. వాల్వు ఎంత వెచ్చగా ఉంటుందో, పొరపాటున దాని మీద చెయ్యి వేసిన మన ఈడువాళ్లకు ఒకరు చెప్పాలా?

వాళ్ల నాయన, అంటే మా బావ, తాడిపత్రి బండల పాలిషు ఫ్యాక్టరీలో నెలజీతం వదులుకుని కళ్యాణదుర్గంలో మైకుసెట్టు అంగడి పెట్టిన రోజులు గుర్తుకొచ్చాయి. నేను అప్పుడే ఒక దినపత్రికకు ఆ ఊరి వార్తలు పంపడం మొదలుపెట్టి, అక్కావాళ్లింట్లోనే ఉండేవాణ్ణి. అల్లుడు ఉద్యోగం మానడం మా నాయనకు మింగుడుపడలేదు. మార్కెట్ యార్డులో శెనక్కాయ రైతుల మీటింగులో ఆయన మాట్లాడాల్సి ఉంది, మైకు బావది. ఆ రోజు మైకు సరిగా పలకకపోతే అంగడి మూసి మళ్లీ ఫ్యాక్టరీకి పోవాలని నాయన తేల్చి చెప్పాడు, బావ తలూపాడు.

రెండు రోజుల ముందు నాయన అంగడికి వచ్చి మైకులో ఒక్క మాట అన్నాడో లేదో, బాకాలోంచి గరగరమని వచ్చింది. "ఏమప్పా, ఇది మైకా, రాళ్లు కోసే మిషనా? ఈ మాత్రానికి తాడిపత్రి ఇడిసిపెట్టి రావల్నా?" అని వెళ్లిపోయాడు.

తప్పు ఎక్కడుందో బావకు వెంటనే తెలిసింది. ఊరంతటిలోకీ మెల్లగా మాట్లాడే మనిషి బావే. తను కట్టిన యాంప్లిఫయరును తన గొంతుతోనే పరీక్షించుకుని, మొదటి వాల్వును దానికే కుదిర్చాడు. వాల్వులో గ్రిడ్డు అనే సన్నటి తీగ శింగనమల చెరువు తూము తలుపులాంటిదని నాకు చెప్పేవాడు. ఊరకున్నప్పుడు ఆ తలుపు ఎంత తెరిచి ఉండాలో కింద వేసే చిన్న రెసిస్టరు నిర్ణయిస్తుంది. సన్నగొంతు కూడా పెద్దగా వినపడాలని బావ దాదాపు పూర్తిగా తెరిచిపెట్టాడు, నాయన గొంతు వచ్చి ఇంకా తెరవబోతే జాగా లేదు, అదే ఆ గరగర. పైగా మీటింగు జరిగే మధ్యాహ్నం వేళ బోరు మోటార్లు ఆడేటప్పుడు వోల్టేజి పడిపోయి, ఉన్న జాగా కూడా తగ్గేది.

రెసిస్టరు పెంచి ఆ తలుపు కొంచెం మూయాలి, కానీ మరీ పెంచితే బలం తగ్గి మార్కెట్ యార్డు చివరకు మాట అందదు. అది తేలాలంటే నాయన మధ్యాహ్నం పూట పూర్తి గొంతుతో కాసేపు అరవాలి. అరవమంటే ఆయన బిగుసుకుపోయే మనిషి. దారి అక్క చూపింది. మరునాడు నాయనకు భోజనం అంగడికే తెచ్చి, మైకు ఎదురుగా కూర్చోబెట్టి, మజ్జిగ పోస్తూ మెల్లగా అంది: "చిన్నాయన సేద్యం నీకంటే మేలని ఊర్లో అనుకుంటాండారు, నాయనా."

"ఎవడే అనింది? వానికి గుంటక పట్టేది నేర్పించిందే నేను."

అక్కడ మొదలై తిట్లు, తనకు పంగనామాలు పెట్టిన ఆ తమ్ముడి మీదుగా అల్లుడి దాకా వచ్చాయి. బావ చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని, తల ఎత్తకుండా, మీటరు అంకెలు నాకు చెప్తూ రాయించాడు. రెసిస్టరు మార్చడానికి మిషను ఆపి, వాల్వు మళ్లీ వేడెక్కేదాకా ఆగిన ప్రతిసారీ, నాయన చల్లారకుండా అక్క ఇంకో మాట అందించేది. తిట్టు పెద్దదయ్యేకొద్దీ బావ ముఖం విప్పారింది. నాలుగో రెసిస్టరుకు హెడ్‌ఫోన్ తీసి బాకా కలిపాడు.

"తీగలు అతికించుకునేవానికి పిల్లనిచ్చినా" అన్న మాట అక్షరం చెదరకుండా వీధిలో మోగింది. ఎదురంగళ్ల వాళ్లు లేచి నిలబడ్డారు. నాయన తల తిప్పి బాకా వైపు చూశాడు.

"ఇది యాడిదాకా ఇనపడింటాది?" అన్నాడు గొంతు తగ్గించి.

"బస్టాండు దాకా, మామా."

నాయన మజ్జిగ తాగి, మూతి తుడుచుకుని, "సరే, మీటింగుకు ఇదే తీసుకరా" అన్నాడు.

మీటింగులో ఆయన మాట యార్డు చివరి బండి దాకా పోయింది. అంగడి నిలిచింది. నాయన పోయిన తరువాత కూడా బావ ఆ రెసిస్టరు మార్చలేదు. సన్నగొంతు వాళ్లు వినపడటం లేదని సణిగితే, గట్టిగా మాట్లాడండప్పా అనేవాడు. ఇప్పటి పెట్టెలు ఎవరి గొంతుకైనా వాటంతట అవే సర్దుకుంటాయట, మంచిదే. మనం కూడా పక్కగదిలోని మనిషికి ఫోనులో వేళ్లతోనే కబురు పెట్టడం నేర్చుకున్నాం. అంత జాగా అడిగే గొంతు మా ఇంట్లో ఇప్పుడు ఒక్కటీ లేదు.