మా అత్త ఆమెన్

మద్రాసు కోడంబాక్కంలో మా తెలుగు చర్చిలో ప్రార్థన జరిగేటప్పుడు కళ్ళు తెరుచుకుని ఉండేది ఇద్దరమే, నేనూ మా అత్తా. సౌండు మిక్సర్ దగ్గర కూచునేది నేను. మైకు ఎప్పుడు కూస్తుందో చెప్పలేం కనక నాకు తప్పదు. అత్తది చెవుల బాధ. పాస్టరు అయ్యగారి ప్రార్థన ఎక్కడ ముగిసిందో తెలియక, పక్కవాళ్ళ పెదాలు చూసి ఆమెన్ అనేది. అందరిదీ అయిపోయాక ఆమెది ఒక్కటే వెనకాల వచ్చేది. పిల్లలు నవ్వేవాళ్ళు.

ఒక ఆదివారం ఇంటికి రాగానే తేల్చి చెప్పింది.

"ఇంక నేను ఆడికి రానుమే. ఈడనే ఫోన్‌లో చూసుకుంటా. సుమ్మా ఊరికే బొమ్మ మాదిరి కూచునేదానికి ఎందుకు రావాల?"

పెళ్ళయిన కొత్తలో నన్ను చెయ్యి పట్టుకుని ఆ చర్చికి తీసుకుపోయింది ఆమే. నాకు ఏడుపొచ్చింది, రోషమూ వచ్చింది. వారమంతా డబ్బింగ్ థియేటర్లో ఎవరెవరివో గొంతులు సరిచేస్తాను. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అన్నట్టుంది నా వ్యవహారం.

బతిమాలి ఇంకో వారం తీసుకుపోయి సౌండు పెంచాను. అత్త రెండు చెవులూ మూసుకుంది.

"అరుస్తా ఉండారు గానీ మాట తెలీలా," అంది.

శనివారం పాటల ప్రాక్టీసుకి వెళ్ళినప్పుడు, అయ్యగారు ప్రార్థన చేస్తుంటే అత్త కూచునే బెంచీలో కూచుని విన్నాను. మా చర్చిలో ప్రార్థన కింద కీబోర్డు మెత్తగా మోగుతూ ఉండాలి, లేకపోతే చప్పగా ఉంటుందంటారు. ఆ మెత్తదనమే అయ్యగారి మాటలన్నీ మింగేస్తోంది. వాయించేది మా మరిది. అమ్మ చెవికి అడ్డం పడింది కొడుకే!

చెప్తే మొహం మాడ్చుకున్నాడు. "నా సౌండు తీసేస్తే డల్లయిపోతాది వదినా."

"కానీలే. మీ అమ్మకి వినపడాల, అంతే."

మర్నాడు అత్తని మళ్ళీ బతిమాలి తీసుకుపోయాను. అయ్యగారు చేతులెత్తగానే కీబోర్డు పూర్తిగా దించేశాను. ఆయన గొంతులో బొంగురు తగ్గించి, మాట విడివిడిగా తెలిసేలా సరిచేశాను. మరిది నా వైపు గుర్రుగా చూసి కళ్ళు మూసుకున్నాడు. హాల్లో ఫ్యాన్ల చప్పుడూ అయ్యగారి గొంతూ మిగిలాయి.

అలవాటు కొద్దీ ఆడవాళ్ళ వరస వైపు చూశాను. అత్త కళ్ళు మూసుకుని ఉంది. నాకు చెప్పలేనంత సంతోషం వేసింది.

ఆమెన్ అందరిదీ ఒక్కసారే వచ్చింది. అందులో ఆమెది ఏదో నేను పోల్చుకోలేకపోయాను.