జమునక్క నంబరు

ఎండలో ఆరేసిన బొంతను మడతపెట్టబోతూ ముఖం దగ్గరికి తీసుకున్నాను. పాత నూలు, ఎండ, కొంచెం చెమట కలిసిన వాసన. హైదరాబాదులో నాలుగో అంతస్తు బాల్కనీలో ఉన్నదాన్ని, మానుకోట స్టేషన్ పక్కన ఎరువుల దుకాణం మీది గదిలోకి వెళ్లిపోయాను. ఆ గదిలో తాళ్లు కట్టి, బొంతలు వేలాడదీసి, వాటి మధ్య నన్ను కూర్చోబెట్టేది జమునక్క. రైలు కూత లోపలికి రాకుండా మేం చేసుకున్న రికార్డింగు గది అదే.

జమునక్కది నర్సింహులపేట దగ్గరి తండా. హైదరాబాదులో కంప్యూటర్ ఉద్యోగం వదిలి వచ్చి మానుకోటలో చిన్న కంపెనీ పెట్టింది. అవి తెలంగాణ ఉద్యమం రోజులు. ఇవాళ బంద్, రేపు రైల్ రోకో. పత్తి నింపుకొని కేసముద్రం మార్కెట్‌కు పోయిన రైతులు మూసిన గేటు ముందు పడిగాపులు పడేవాళ్లు. "రాష్ట్రం రావాలె, పత్తి తడవొద్దు. మనకు రెండూ గావాలె" అనేది అక్క. మా నంబరుకు ఫోన్ చేస్తే మార్కెట్ నడుస్తుందో లేదో, ధర ఎట్లా ఉందో వినిపించేది. తండాల కోసం లంబాడీలో అక్క చెప్పేది, తెలుగులో నేను చెప్పేదాన్ని. ఫోన్‌లో అవి వినిపించే కంప్యూటర్ ప్రోగ్రాం రాసింది నేనూ, మరో ఇద్దరు అబ్బాయిలూ.

జనగామ నుంచి వచ్చిన నేను నలుగురిలో నోరు విప్పేదాన్ని కాదు. ఏ మాటైనా డైరీకే. మొదటిరోజు, చదివిన పుస్తకాల ధోరణిలో "నేడు కేసముద్రం మార్కెట్ యార్డునకు సెలవు" అని చదివాను. అక్క బొంత పక్కకు జరిపి తల లోపలికి పెట్టింది.

"ఎవలు సచ్చిన్రని గట్ల చదువుతున్నవే?"

"మరి ఎట్ల చదవాలక్కా?"

"మీ బాపు పత్తి ఏసుకొని బయలెల్లిండు. నువ్వు దర్వాజ కాడ నిలబడ్డవ్. ఎట్ల ఆపుతవ్?"

"ఇయ్యాల పోకుండ్రి, బందున్నది. రేపటి సంగతి పొద్దుగూకినంక చెప్త" అన్నాను.

"గదీ!" అంది అక్క. అట్లా పలికిన నా గొంతు భూపాలపల్లి దాకా పోయింది. ఎదుటి మనిషి కనబడకపోతే నాకు సిగ్గు ఉండదన్న సంగతి నాకన్నా ముందు ఆమే కనిపెట్టింది.

బందులకు వ్యాపారాలు దెబ్బతిని, మాకు ప్రకటనలిచ్చే విత్తనాల దుకాణాలు తప్పుకున్నాయి. మా జీతాలు ఆగాయి. అప్పుడే హైదరాబాదు కంపెనీ నుంచి ఒకాయన వచ్చాడు. మర్యాదస్తుడు.

"మీ సర్వీసు మాకు అక్కర్లేదండీ. ఈ ముగ్గురూ కావాలి. రెండేళ్లు మా దగ్గరే ఉంటామంటే మీ కంపెనీ కొనేస్తాం" అన్నాడు.

మరి అక్క సంగతేమిటని మాలో ఎవరమూ అడగలేదు. అక్కే నవ్వింది. "దూడల కోసం బర్రెను కొనేటోళ్లను ఇప్పుడే చూస్తున్న సార్. మరి బర్రెను ఏం జేస్తరు?"

ఆయనా నవ్వి, బేరం కాగితాలు తీశాడు. పత్తి ఏరుడు అయ్యేదాకా నంబరు నడవాలని ఒక్కటే అడిగింది అక్క, చెయ్యి చాపి. "అలాగేనండీ" అని ఆయన చేతిలో చెయ్యి వేశాడు. మా దిక్కు ఎడ్లబేరమైనా, పొలం బేరమైనా చేతిలో చెయ్యి పడితే అయిపోయినట్టే. ఆ మాట కాగితంలో రాయమని అక్క అడగలేదు. వెళ్లేముందు ఆయన నావైపు చూసి, "ఈ అమ్మాయి ప్రోగ్రాం చాలా బాగా రాసింది" అన్నాడు. నా చెవులు వేడెక్కాయి. ఆ రోజు డైరీలో ఆయన మెచ్చుకోలు రాసుకున్నాను. అక్క గురించి ఒక్క ముక్క లేదు.

కంపెనీ అమ్ముడై మేం ముగ్గురం హైదరాబాదు చేరినా, చాలాకాలం మాకు పనే చెప్పలేదు. వేరే కంపెనీకి పోకుండా కూర్చోవడమే పని, దానికే జీతం. పత్తి ఏరుడు మొదలవుతుండగానే నంబరు ఆపేశారని క్యాంటీన్‌లో విన్నాను. చేతిలోని టీ తాగేసి సీటుకు వెళ్లాను.

ఆ సీజన్లోనే అక్కను చూద్దామని మానుకోటకు బయలుదేరితే, రైల్ రోకోకు రైలు కేసముద్రంలోనే ఆగింది. మార్కెట్ దారి పొడుగునా పత్తి ట్రాక్టర్లు. ఒక ముసలాయనను, "తాతా, బస్సులు నడుస్తున్నయా?" అని అడిగాను.

ఆయన నన్ను తేరిపార చూశాడు. "మల్లొకసారి మాట్లాడు బిడ్డా." నేను మాట్లాడకముందే వెనక్కి తిరిగి, "ఓ ఎల్లవ్వా! ఫోన్ల చెప్పే పిల్ల గీమెనే!" అని కేకేశాడు.

ట్రాక్టర్ నీడలోంచి ఆమె లేచి వచ్చింది. "ఏమైంది బిడ్డా, పానం బాగలేకుండెనా? నీ మాట బందైంది. ఎరుకలేక వచ్చి నిన్నటి సంది ఈడనే ఉన్నం."

"అవునవ్వా, బాగలేదు" అన్నాను.

నా నుదురు ముట్టి చూసింది. మూటలోంచి జొన్నరొట్టె తీసి చేతిలో పెట్టింది. "తిను. బొక్కలు తేలినయ్."

సాయంత్రానికి మానుకోట చేరి అక్కకు అంతా చెప్పాను. అప్పటికి ఆమె తండాల్లో తెలిసినవాళ్లకు తన సెల్‌తోనే ఒక్కొక్కరికీ ఫోన్ చేసి మార్కెట్ సంగతి చెప్తోంది.

"రొట్టె తిన్నవా?" అంది.

"తిన్న."

"పానం బాగైందా మరి?"

నవ్వుతూనే అడిగింది. నేను తలెత్తలేకపోయాను. అక్క ఇంకో నంబరు నొక్కుకుంది.

రాష్ట్రం వచ్చింది. నేను అదే కంపెనీలో ఉన్నాను. చిన్న కంపెనీలను కొనేటప్పుడు అక్కడ ప్రోగ్రాం రాసే పిల్లల పని ఎట్లా ఉందో చూడమని ఇప్పుడు నన్నూ కూర్చోబెడుతున్నారు. నలుగురి ముందు నా గొంతు ఇంకా వణుకుతుంది. అయినా, "రేపు పొద్దున వీళ్ల నంబరుకు ఫోన్ చేసేవాళ్లకు ఏం చెప్తాం?" అని అడుగుతాను. ఒకరిద్దరు నవ్వుతారు. చాలాసార్లు జీతాల లెక్కలోకి మాట మళ్లిస్తారు. అప్పుడు, మావాళ్ల మెచ్చుకోలుకు చెవులు వేడెక్కి ఎదురుగా కూర్చున్న ఆ పిల్లల ముఖాలు చూడలేక, కాగితాల మీదికి తల వంచుకుంటాను.